డబ్బా వెనకాల రాత
(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ్టి విషయం అందచందాల సరుకులు అనగానే, ఇదేదో ఆడవాళ్ళ కార్యక్రమం అనుకుని రేడియో కట్టేయబోతున్న మగమహారాజులు ఒక్క నిమిషం ఆగండి. మీ బాత్‌రూమ్ అలమరలో వెనక వరసలో దాచిన జుట్టు రంగు డబ్బా ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. అది ఒకసారి బయటికి తీసి, పక్కకి తిప్పి, సన్నక్షరాలు చదవండి. ఇందులో ఉన్న పదార్థాలు కొందరి చర్మానికి పడకపోవచ్చు, ముందు కొంచెం రాసి పరీక్షించుకోండి, కనుబొమ్మలకి గానీ కనురెప్పల వెంట్రుకలకి గానీ వాడొద్దు, వాడితే చూపు పోవచ్చు అని ఉంటుంది. ఇది కంపెనీవాళ్ళకి మన మీద ప్రేమ పొంగిపొర్లి రాసిన వాక్యం కాదు. అమెరికాలో అయితే 1938 నాటి చట్టంలో ఉన్నదాన్ని దాదాపు మాట పొల్లుపోకుండా అచ్చు వేయాలి. ఆ వాక్యం అక్కడికి ఎలా వచ్చిందో, దానితో పాటు డబ్బా వెనకాల ఉండే మిగతా రాతలు ఎలా వచ్చాయో చెప్పుకుందాం. ఏ క్రీము కొనాలి, ఏది కొనకూడదు అని నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగిన జవాబు కూడా ఈ చరిత్రలోనే ఉంది.

మొహానికి విషం పూసుకోవడం కొత్తేమీ కాదు. యూరపులో రాణులు, దొరసానులు తెల్లసీసం పూసుకున్నారు. అమెరికాలో 1900 ప్రాంతాల్లో రంగు తేలడానికి పాషాణం బిళ్ళలు మింగేవారు. అవేమీ చాటుమాటుగా అమ్మినవి కావు, సియర్స్ కంపెనీ కేటలాగులో చూసి పోస్టులో తెప్పించుకునేవారు. 1906లో అమెరికా ప్రభుత్వం ఆహారం, మందుల కల్తీ మీద మొట్టమొదటి పెద్ద చట్టం చేసింది. కానీ అందులో సౌందర్య సాధనాల ఊసే లేదు. మొహానికి రాసుకునేది తిండీ కాదు, మందూ కాదు. కాబట్టి డబ్బాలో ఏముందో ఎవరికీ చెప్పనక్కర్లేదు, అది క్షేమమా కాదా అని ఎవరూ అడగనక్కర్లేదు. వ్యాధి నయం చేస్తుందని డబ్బా మీద అబద్ధం రాస్తే తప్ప ప్రభుత్వానికి దాని జోలికి వెళ్ళే దారే లేదు.

ఈ కాళీలోకి 1930లలో రెండు సరుకులు వచ్చాయి. ఒకదాని పేరు కొరెమ్లూ. అవాంఛిత రోమాలు పోగొట్టే క్రీము. నిజంగానే పోగొట్టేది, ఎందుకంటే అందులో ఉన్నది థాలియం ఎసిటేట్. థాలియం అంటే ఎలకల మందులో వాడే విషం. పైపెదవి మీద నూగు పోవాలని రాసుకున్న ఆడవాళ్ళకి తలమీద జుట్టు ఊడిపోయింది, కాళ్ళు చచ్చుబడ్డాయి, కొందరికి చూపు దెబ్బతింది. ప్రభుత్వం ఆపలేకపోయింది. బాధితులు కోర్టుకెక్కాక కంపెనీ 1932లో దివాలా తీసింది, అంతే.

రెండోది లాష్ లూర్. కనురెప్పలకి, కనుబొమ్మలకి శాశ్వతంగా నల్లరంగు పట్టేలా బ్యూటీ పార్లర్లలో వేసేవారు. ఒహాయో రాష్ట్రంలో డేటన్ పట్టణపు ఒకావిడ 1933లో ఒక విందుకి వెళ్ళే ముందు ఇది వేయించుకుంది. కాసేపట్లో కళ్ళు మండటం మొదలైంది. తెల్లవారేసరికి కళ్ళు తెరవలేకపోయింది. చివరికి రెండు కళ్ళూ పోయాయి. అలా దెబ్బతిన్నవాళ్ళు ఆవిడ కాక ఇంకా ఉన్నారు, ఒకరు ప్రాణం కూడా పోగొట్టుకున్నారు. దాంట్లో ఉన్న రంగు పదార్థం పారాఫినైలీన్ డయమైన్. తారునుంచి తీసే రసాయనాల కుటుంబానికి చెందినది. పీపీడీ అని పొట్టిపేరు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఇంత జరిగినా లాష్ లూర్ అమ్మకం చట్టరీత్యా నేరం కాదు. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, అంటే మనం ఇప్పుడు ఎఫ్‌డీఏ అంటున్న ఆఫీసు, చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. అప్పుడు వాళ్ళు ఒక పని చేశారు. తమ చేతకానితనాన్నే ప్రదర్శనకి పెట్టారు. చట్టం ముట్టుకోలేని మందులు, క్రీములు, పొడులు అన్నీ ఒకచోట పేర్చి, పక్కన ఫొటోలు పెట్టారు. డేటన్ ఆవిడవి రెండు ఫొటోలు, రంగు వేయించుకోక ముందు ఒకటి, తరవాత ఒకటి. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలోనూ ఇది పెట్టారు. విలేకరులు దీనికి ‘భయానక మందిరం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ కూడా చూసి చలించిపోయారంటారు. ఎఫ్‌డీఏలో పనిచేసిన రూత్ డీఫారెస్ట్ లాంబ్ అనే ఆవిడ 1936లో ఆ సంగతులన్నీ పుస్తకంగా రాశారు. మహిళా సంఘాలు ఊరూరా పట్టుబట్టాయి.

అయినా చట్టం వెంటనే రాలేదు. 1933లో ప్రవేశపెట్టిన బిల్లు అయిదేళ్ళు నలిగింది. సబ్బులు, క్రీముల వ్యాపారస్తులు, పేటెంటు మందులవాళ్ళు, వాళ్ళ ప్రకటనలతో బతికే పత్రికలవాళ్ళు అడ్డం పడ్డారు. చివరికి దాన్ని గట్టెక్కించింది సౌందర్య సాధనం కాదు, మందు. 1937లో సల్ఫానిలమైడ్ అనే మంచి మందుని తియ్యటి ద్రవంగా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి అమ్మారు. కార్ల రేడియేటర్లలో పోసే జాతి పదార్థం అది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది చిన్నపిల్లలు. ఆ సీసాలని ఎఫ్‌డీఏ ఏ నేరం కింద పట్టుకుందో తెలుసా? విషం అని కాదు. దాని పేరు ‘ఎలిక్సిర్’, ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో ఆల్కహాల్ లేదు, కాబట్టి పేరు తప్పు. అంతకంటే వాళ్ళకి ఆధారం దొరకలేదు! 1938 జూన్ 25న రూజ్‌వెల్ట్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. సౌందర్య సాధనాలు మొదటిసారి చట్టం పరిధిలోకి వచ్చాయి. ఆ చట్టం కింద మొదట పట్టుబడిన సరుకు లాష్ లూర్.

ఇక్కడే ఒక మెలిక ఉంది. జుట్టు రంగుల పరిశ్రమ అప్పటికే పెద్దది. పీపీడీ లేకుండా నిలకడైన నలుపు తెచ్చే దారి వాళ్ళ దగ్గర లేదు. అందుకని తారు రసాయనాల జుట్టు రంగులకి చట్టంలో ఒక మినహాయింపు రాయించుకున్నారు. నిషేధించరు, కానీ ఆ హెచ్చరిక మాత్రం అచ్చు వేయాలి, పరీక్ష ఎలా చేసుకోవాలో కాగితం జత చేయాలి. కనురెప్పలకి, కనుబొమ్మలకి వాడే రంగులకి ఆ మినహాయింపు లేదు. అలా డేటన్ ఆవిడ కళ్ళు పోయిన సంగతి మీ అలమరలోని డబ్బా మీదికి చేరింది. నా వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి నాకు ఇది చూస్తే పాత ప్రోగ్రాముల్లో కనిపించే వింత లైన్లు గుర్తొస్తాయి. ఎందుకుందో తెలియదు, తీసేద్దామనిపిస్తుంది. కానీ ఏదో ఒక అర్ధరాత్రి ఎక్కడో ఏదో కూలిపోతేనే ఎవరో ఆ లైను రాసి ఉంటారు.

పరీక్ష మాటకొస్తే, చెవి వెనకాలో మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు చూడమని ఆ కాగితం చెబుతుంది. ఏళ్ళ తరబడి వాడుతున్నాం, మనకేం కాదులే అనుకుంటాం. ఈ ఎలర్జీ మొదటిసారే రావాలని లేదు, పదోసారో ఇరవయ్యోసారో వాడినప్పుడు కూడా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే మాత్రం ఇక జన్మంతా పడదు. మన పెళ్ళిళ్ళలో, బజార్లలో ‘బ్లాక్ హెన్నా’ అని పెడుతుంటారు చూడండి, అరగంటలో నల్లగా పండేది, దాంట్లోనూ తరచుగా ఉండేది ఈ పీపీడీయే. గోరింటాకు ఎర్రగా పండుతుంది గానీ నల్లగా పండదు. ఆ మాత్రం మన అమ్మమ్మలకి ఏ ఎఫ్‌డీఏ చెప్పనక్కర్లేకుండానే తెలుసు. పిల్లల చేతులకి అది పెట్టనివ్వకండి.

1938 చట్టం చెప్పని పెద్ద సంగతి ఒకటి మిగిలిపోయింది. డబ్బాలో ఏమున్నాయో జాబితా వేయమని అది అడగలేదు. ఆ జాబితా రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1966లో ప్యాకింగు, లేబుళ్ళ మీద వచ్చిన వేరే చట్టాన్ని పట్టుకుని ఎఫ్‌డీఏ నిబంధన చేస్తే, 1977 నాటికి గానీ డబ్బాల వెనక పదార్థాల పేర్లు మామూలు కాలేదు. అంటే మనలో కొందరు పుట్టే నాటికి ఈ జాబితా కొత్త వస్తువే.

ఆ జాబితా చదవడానికి కెమిస్ట్రీ డిగ్రీ అక్కర్లేదు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరవాత. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరసలో రాసినా తప్పులేదు. కాబట్టి కిటుకల్లా ఆ ఒక శాతం గీత ఎక్కడుందో పట్టుకోవడమే. ఫినాక్సీ ఇథనాల్ అని ఒక నిల్వ పదార్థం చాలా క్రీముల్లో ఉంటుంది, దాన్ని సాధారణంగా ఒక శాతం మించి వేయరు. దాని తరవాత ఉన్న పేర్లన్నీ చిటికెడు సరుకులే అనుకోవచ్చు. ఇప్పుడు డబ్బా ముందువైపు చూడండి. కుంకుమపువ్వు, చందనం, పసుపు, బాదం బొమ్మలు రంగురంగుల్లో ఉంటాయి. వెనక్కి తిప్పితే ముందు నీళ్ళు, తరవాత గ్లిజరిన్, తరవాత నూనెలు, ఆ తరవాత ఫినాక్సీ ఇథనాల్, అన్నిటికీ చివర కుంకుమపువ్వు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ఆ క్రీము చెడ్డదని కాదు. మామూలు గ్లిజరిన్ క్రీముకి కుంకుమపువ్వు ధర ఇస్తున్నామని.

జాబితాలో ఒక చీకటి గది కూడా ఉంది. సువాసన కోసం వేసేవాటిని విడివిడిగా చెప్పక్కర్లేదు, ‘ఫ్రాగ్రెన్స్’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. వ్యాపార రహస్యం అని వదిలేశారు. అదే సీసా లండన్‌లో ఉన్న మీ తమ్ముడి ఇంట్లో చూడండి, లిమొనీన్, లినలూల్ అని అదనంగా పేర్లు కనిపిస్తాయి. యూరపువాళ్ళు 2003లో చేసిన సవరణ ప్రకారం ఎలర్జీ తెప్పించే 26 సువాసన పదార్థాలు ఒక మోతాదు మించితే పేరు పెట్టి చెప్పాలి. మూత తీసిన డబ్బా బొమ్మలో ‘12ఎం’ అని రాసి ఉంటే, తెరిచాక 12 నెలలు వాడుకోవచ్చని అర్థం. అదీ ఆ సవరణతో వచ్చిందే. అమెరికాలో మామూలు క్రీముకి గడువు తేదీ వేయాలన్న నియమమే లేదు.

ముందువైపు రాతల్లో ‘హైపో ఎలర్జెనిక్’ అన్న మాట కథ చెప్పకుండా ముందుకి పోలేను. ఎలర్జీ రాదని మనం అర్థం చేసుకుంటాం. ఆ మాట రాయాలంటే ముందు పరీక్షలు చేసి రుజువు చూపించండి అని ఎఫ్‌డీఏ 1975లో నిబంధన తెచ్చింది. ఆల్మే, క్లినిక్ కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి. 1977లో అప్పీళ్ళ కోర్టు ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. ఆ తరవాత ఆ మాటకి ప్రభుత్వం వైపు నుంచి నిర్వచనమే లేదు. ‘నేచురల్’ కూడా అంతే. ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ అంటే ఎంతమంది వైద్యులు, ఎంతమంది మీద, ఏం ఫలితం వచ్చిందో చెప్పమని అడిగేవాడు లేడు. పరీక్షించారు అన్నాడు గానీ పాసయింది అన్నాడా?

దీనికి భిన్నంగా, సన్‌స్క్రీన్ తీసుకోండి. అమెరికాలో అది చట్టం దృష్టిలో మందు. అందుకే వెనకాల ‘డ్రగ్ ఫ్యాక్ట్స్’ అని గళ్ళు గీసిన పట్టిక ఉంటుంది. పనిచేసే పదార్థం ఎంత శాతం అన్నది అంకెలతో సహా వేయాలి. 2011లో ఎఫ్‌డీఏ ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట వాడకూడదంది. నీళ్ళలో 40 నిమిషాలు నిలుస్తుందా 80 నిమిషాలా అన్నది పరీక్ష చేసి రాయాలంది. చుండ్రు షాంపూ, మొటిమల మందు, ఫ్లోరైడ్ టూత్‌పేస్టు కూడా ఈ కోవలోవే. ఒకే షెల్ఫులో పక్కపక్కన ఉన్న రెండు ట్యూబుల్లో ఒకటి మందుల చట్టం కింద, ఇంకొకటి క్రీముల చట్టం కింద ఉంటాయి. మాట మీద నమ్మకం ఉంచాల్సి వస్తే ఆ గళ్ళ పట్టిక ఉన్నదాని మాట ముందు నమ్ముతాను.

ఇక మన అసలు రోగం దగ్గరికి వద్దాం. తెల్లబడటం.

పాదరసం చర్మంలో రంగు తయారవకుండా అడ్డుకుంటుంది. ఇది పాత సంగతే. 1930లలో అమెరికాలో మచ్చలు పోవడానికి అమ్మిన క్రీముల్లో అదే ఉండేది. వారం పది రోజుల్లో తేడా కనిపిస్తుంది, అదే దాని ఆకర్షణ. అది చర్మంలోంచి లోపలికి దిగి మూత్రపిండాలని పట్టుకుంటుందని 1972లో నైరోబీ వైద్యులు తమ రోగులను చూసి రాశారు. వాళ్ళలో చాలామంది రంగు తేలే క్రీములు వాడిన ఆడవాళ్ళు. ఆ తరవాత సంవత్సరాల్లోనే అమెరికా క్రీముల్లో పాదరసాన్ని దాదాపు నిషేధించింది. కంటి దగ్గర వాడే సరుకుల్లో నిల్వ కోసం వేసే కొద్దిపాటికి తప్ప, మిగతావాటిలో పొరపాటున కలిసినది కూడా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు.

పాదరసం పోయిన చోటికి హైడ్రోక్వినోన్ వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఇది ఎంత విరివిగా అమ్ముడైందంటే, అక్కడి చర్మవైద్యులు 1975లో ఒక కొత్త జబ్బునే వర్ణించవలసి వచ్చింది. తెల్లబడాలని ఏళ్ళ తరబడి రాసుకున్న చోటే చర్మం నీలంగా, నల్లగా మారి గరుకెక్కిపోయేది, మళ్ళీ మామూలయ్యేది కాదు. నల్లజాతి, భారతీయ, మిశ్రమజాతి స్త్రీలు అందరూ వాడారు. వర్ణవివక్ష రాజ్యంలో చర్మం రంగు అన్నది అద్దం ముందు తేలే విషయం కాదు, ఎక్కడ ఉండాలి, ఏ పని చేయాలి అన్నది తేల్చే విషయం. నల్లజాతి చైతన్య ఉద్యమకారులు, కొందరు వైద్యులు కలిసి ఏళ్ళ తరబడి పోరాడితే 1990లో అక్కడ హైడ్రోక్వినోన్ క్రీముల మీద నిషేధం వచ్చింది. యూరపులో 2001లో వచ్చింది. అమెరికాలో 2020 వరకూ డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కోగలిగేవాళ్ళం! ఎవరు వెనకబడ్డ దేశమో ఇలాంటి చోట్ల చూడాలి.

మన దేశం సంగతి. 1940 నాటి మందుల చట్టంలో సౌందర్య సాధనాలు లేవు, 1962 సవరణతో చేరాయి. 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. 2020లో దాని పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్‌లీ అన్నారు. పేరు మారింది గానీ, సంబంధం చూసేటప్పుడు ఫోనులో రెండో ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్న ఉన్నంతకాలం జవాబు ట్యూబులో పెట్టి అమ్మేవాడు ఉంటాడు. పెద్ద కంపెనీల క్రీముల సంగతి అలా ఉంచండి, నా భయం ఇంకో రెండు రకాల మీద.

ఒకటి మందుల షాపు ట్యూబు. బెటామిథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు. ఎగ్జిమా లాంటివాటికి డాక్టరు కొద్దిరోజులు రాసే మందులు. వీటిని ‘మొహానికి మంచి క్రీము’ అని షాపువాడే చేతిలో పెట్టడం మనకి తెలిసిన భాగోతమే. మొదట నెల మొహం నిగనిగలాడుతుంది. తరవాత చర్మం పల్చబడి, ఎర్రనాళాలు తేలి, మొటిమలు లేచి, మానేస్తే మంట, రాస్తే తంటా అన్నట్టు తయారవుతుంది. చర్మవైద్యుల గోల విని 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

రెండోది ఊరూపేరూ లేని డబ్బా. కేరళలో కొట్టక్కల్ ఆసుపత్రి కిడ్నీ వైద్యులకి 2021 నుంచి 2023 మధ్య అరుదుగా వచ్చే ఒక మూత్రపిండాల జబ్బు వరసగా కనిపించడం మొదలైంది. మామూలు ప్రశ్నలకి కారణం దొరకలేదు. చివరికి తేలిందేమిటంటే వాళ్ళలో ఎక్కువమంది తెల్లబడే క్రీములు వాడుతున్నారు, పాదరసం అందులోంచి వచ్చింది. నైరోబీలో 1972లో చూసిందే, యాభై ఏళ్ళ తరవాత మళ్ళీ.

అది అక్కడ కదా అంటారేమో. 2010లో కాలిఫోర్నియా, వర్జీనియా రాష్ట్రాల్లో అయిదు కుటుంబాల్లో 22 మంది ఒంట్లో పాదరసం బయటపడింది. మెక్సికో నుంచి తెచ్చుకున్న, లేబులు లేని క్రీములు. వాటిలో 2 నుంచి 5.7 శాతం దాకా పాదరసం. పది లక్షల్లో ఒక వంతు ఉండాల్సిన చోట ఇరవై వేల వంతుల పైన. ఆ 22 మందిలో క్రీము ముట్టుకోనివాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. పాదరసం ఆవిరవుతుంది, తువ్వాళ్ళకి, దిండ్లకి అంటుతుంది. అమ్మ రాసుకుంటే ఒళ్ళో పడుకున్న పిల్లకి ఎక్కుతుంది. 2019లో శాక్రమెంటోలో ఒకావిడ ఇలాంటి క్రీము వల్లే స్పృహ తప్పిన స్థితిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ వాడిన డబ్బా మీద పేరున్న కంపెనీ లేబులే ఉంది. మధ్యలో ఎవరో మూత తీసి విషం కలిపి అమ్మారు.

ఇందుకే నేను సూట్‌కేసుల గురించి బెంగపడతాను. మన చరిత్రలో సగం సరుకు ఎయిర్‌పోర్టు బెల్టు మీద వచ్చేదే కదా. ఆవకాయకీ కందిపొడికీ మధ్య పాత బట్టలో చుట్టి, ‘ఇది ఫలానా పార్లరు ఆవిడే స్వయంగా కలిపి ఇచ్చిందే, నీ మచ్చలకి రాసుకో’ అని అత్తయ్యో పిన్నో ప్రేమగా పంపిన డబ్బా. దాని వెనక ఏ రాతా ఉండదు. లాష్ లూర్ నుంచి ఇప్పటిదాకా చెప్పుకున్న చరిత్ర అంతా ఆ డబ్బాకి వర్తించదు. అది ఇంకా 1932లోనే ఉంది. రాత ఉన్నా, ‘మెర్క్యురీ’, ‘మెర్క్యురిక్’, ‘కాలొమెల్’ లాంటి మాటలు కనిపిస్తే వదిలేయండి. ‘బంగారు, వెండి నగలు తీసేసి రాసుకోవాలి’ అన్న సూచన ఉంటే కూడా అనుమానించండి, పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. మన గాజుల కంటే ముందు దాన్ని పట్టుకునే పరికరం ఏముంది?

కాటుక, కుంకుమ విషయం చెబితే కొందరికి కోపం రావచ్చు. అయినా చెప్పాలి. ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుక వేరు. గల్ఫులో, ఉత్తరాదిలో సుర్మా అని అమ్మేది వేరు. సుర్మా తరచుగా సీసపు ఖనిజమే. 2013లో న్యూమెక్సికోలో ఒక అఫ్ఘాన్ కుటుంబం పిల్లలకి పెట్టిన కాటుకలో సగానికి పైగా సీసం దొరికింది. అమెరికాలో కాజల్, సుర్మా అన్నవి రంగు పదార్థాలుగా అనుమతి లేనివి. చంటిపిల్లల మెదడుకి సీసం ఇంత వరకూ ఫరవాలేదు అన్న మోతాదు ఏదీ లేదు. దిష్టిచుక్క అరికాలికి పెట్టినా దిష్టి పోతుందని మన పెద్దలే చెబుతారు, కాకపోతే పిల్లలు అరికాలిని కూడా నోట్లో పెట్టుకుంటారు. అందుకని అదైనా ఇంటి కాటుకే కావాలి.

కుంకుమ అంటే పసుపు, సున్నం కలిస్తే వచ్చే ఎరుపు. ఒకప్పటి సిందూరం ఎర్రసీసం. రెండూ ఒకే షెల్ఫులో ఒకేలా ఉంటాయి. రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు న్యూజెర్సీ ఇండియన్ షాపుల్లో 95, మన దేశంలో 23 సిందూరం నమూనాలు కొని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 80 శాతంలో సీసం ఉంది. కొన్ని నమూనాల్లో ఎఫ్‌డీఏ హద్దు దాటి ఉంది. అమెరికాలో కొన్నాం కాబట్టి మంచిదే అన్న ధీమా ఇక్కడ పనికిరాలేదు. ఆ కుంకుమ వేలితో అన్నం కలిపి పిల్లల నోట్లో పెడతాం, అది మరిచిపోకూడదు. పూజకి ఉంచుకోండి, నుదుటికి మాత్రం ఏమేం వేశారో రాసి ఉన్నది కొనండి. స్టిక్కరు బొట్టు కింద చర్మం తెల్లబడుతోందంటే అది బొల్లి అని బెదిరిపోకుండా ముందు బొట్టు మార్చి చర్మవైద్యుడికి చూపించండి. కొన్ని జిగురుల్లో ఉండే రసాయనం రంగుని చంపేస్తుంది.

1938 తరవాత అమెరికాలో ఈ చట్టం పెద్దగా కదలనే లేదు. 84 ఏళ్ళ తరవాత, 2022 డిసెంబర్ 29న కొత్త చట్టం మీద సంతకం పడింది. ఫ్యాక్టరీలు నమోదు చేసుకోవాలి, సరుకుల జాబితా ఇవ్వాలి, ఎవరికైనా తీవ్రంగా హాని జరిగితే 15 పనిదినాల్లో ఎఫ్‌డీఏకి చెప్పాలి, ప్రమాదకరమైన సరుకుని వెనక్కి పిలిపించే అధికారం మొదటిసారి ఎఫ్‌డీఏకి వచ్చింది. సువాసనల చీకటి గదిలో ఎలర్జీ కారకాల పేర్లు బయటపెట్టే నిబంధన చేయమని కూడా ఆ చట్టం ఎఫ్‌డీఏని ఆదేశించింది. అయినా ఒక మాట. ఇప్పటికీ క్రీము మార్కెట్లోకి వచ్చే ముందు ఎఫ్‌డీఏ దాన్ని పరీక్షించి అనుమతి ఇవ్వదు, రంగు పదార్థాలకి తప్ప. డబ్బా మీద ‘ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ అని గొప్పగా వేసుకున్న క్రీము కనిపిస్తే, ఆ ఒక్క అబద్ధం చాలు దాన్ని షెల్ఫులో పెట్టేయడానికి. ఈ చట్టం ప్రకారం 2024 డిసెంబర్ చివరి నుంచి, హాని జరిగితే చెప్పుకోవడానికి అమెరికాలోని ఒక చిరునామా గానీ, ఫోను నంబరు గానీ, వెబ్‌సైటు గానీ లేబులు మీద ఉండాలి. డబ్బా వెనకాల రాతల్లో అన్నిటికంటే కొత్తది ఇదే. కొనే ముందు అది ఉందో లేదో చూడండి.

ఈ ప్రసంగం విని మీ అలమరలో అనుమానం డబ్బా ఏదైనా బయటపడితే చెత్తబుట్టలో వేయకండి, సింకులో కడిగేయకండి. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసేయండి. మీ కౌంటీలో పాత పెయింట్లు, బ్యాటరీలు తీసుకునే ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఫోను చేసి, పాదరసం ఉండొచ్చని చెప్పి ఇచ్చి రండి. రోజూ వాడినవాళ్ళు ఉంటే, ఇంట్లో పిల్లలతో సహా, డాక్టరుతో చెప్పి మూత్ర పరీక్ష చేయించండి. డబ్బాని డాక్టరుకి చూపించేదాకా పారేయకండి, అందులో ఏముందో చెప్పగలిగేది అదొక్కటే.